పేరు లేని మందు మింగొద్దు: మోషన్స్ తగ్గినంక మోకాలు వాస్తే ఏం చేద్దాం



ఈసారి అల్లం ధర గురించి కాదు, ఆలుగడ్డ విత్తనం గురించి కాదు. ఆ పంటలు తీసే మన కాళ్ల గురించి రాస్తున్న. కొంచెం పొడుగైతది. ఓపిక చేసుకొని చదవండి, ఇంట్ల పెద్దోళ్లకు చదివి వినిపించండి.

వానలు మొదలైనంక మన దిక్కు ఊర్లల్ల కడుపు జబ్బులు ఎక్కువైతయి. బోరు నీళ్లల్ల మురికి కలిసో, పెండ్లిల తిన్నది పడకనో నాలుగు రోజులు మోషన్స్ అయితయి, తగ్గుతయి. మనం మరిచిపోతం. రెండు మూడు వారాలైనంక ఒక పొద్దున లేచేసరికి ఒక మోకాలు గుమ్మడికాయ లెక్క వాస్తది. కొందరికి చీలమండ వాస్తది. కొందరికి మడమ నేల మీద పెట్టనియ్యదు. ఇంకొందరికి కాలి వేలు ఒక్కటే మొదలు నుంచి కొస దాకా మిర్చి బజ్జీ లెక్క ఉబ్బుతది. కండ్లు ఎర్రబడతయి, ఒంటికి పోతే మంట పుడతది. కడుపు జబ్బుకూ మోకాలికీ సంబంధం ఉంటదని ఎవరికి తడుతది? "మడి కాడ జారిన కావచ్చు" అనుకుంటం.

దీని పేరు రియాక్టివ్ ఆర్థరైటిస్. సాల్మొనెల్లా, షిగెల్లా లాంటి క్రిములు పేగులల్ల చేరినప్పుడు ఒళ్లు వాటితోని కొట్లాడుతది. క్రిమి పోయినంక గూడ ఆ కొట్లాట ఆగక కీళ్ల మీద పడతది. అంటే మోకాలిల చీము పట్టలేదు, బతికున్న క్రిమి లేదు. మన సొంత కాపలా మన ఇంటి మీదనే రాళ్లు వేస్తున్నట్టు. మూత్రం దారిల వచ్చే క్లమీడియా అనే క్రిమి తోని గూడ ఇదే వస్తది. ఎక్కువగా 20 నుంచి 40 ఏండ్ల వాళ్లకు, అంటే ఇంట్ల నాగలి మోసే వయసోళ్లకే వస్తది.

కొత్త రోగం ఏం కాదు. 1916ల మొదటి ప్రపంచ యుద్ధం నాడే విరేచనాలైన సైనికులల్ల దీన్ని డాక్టర్లు రాసిపెట్టిన్రు. 1944ల ఫిన్లాండ్ సైన్యంల రక్త విరేచనాలు పెద్ద ఎత్తున వ్యాపిస్తే, ఆ తర్వాత ఇట్ల కీళ్లు వాచినోళ్లను 344 మందిని ఒక డాక్టర్ లెక్క తీసిండు. మంచి నీళ్లు లేని కాడ ఇది ఉంటది.

ఇగ అసలు మాటకు వస్త.

కీలు వాచినప్పుడు మన ముందు ఒకటి కాదు, నాలుగైదు దారులుంటయి. ఏ దారిల పోవాలె అనేది ఒక్కొక్కరి ఒంటిని బట్టి, జేబును బట్టి, పంట పనిని బట్టి మారుతది. దాని మీద వాదులాట లేదు. కానీ ఏ దారిల పోయినా ఒక్క నియమం మాత్రం ఉండాలె అని నా వాదన: పేరు తెలియని మందు ఒంట్లకు పోవద్దు.

మనం విత్తనం కొంటే ఏం చేస్తం? సంచి మీద లాట్ నంబర్ చూస్తం, బిల్లు అడుగుతం, మొలవకపోతే చూపియ్యనీకె బిల్లు దాచుకుంటం. పురుగుల మందు డబ్బా మీద ఎర్ర ముక్కోణం ఉన్నదా, పసుపుదా, నీలిదా, ఆకుపచ్చదా చూసి ఎంత విషమో చెప్తం. అసుంటి మనమే, కాగితం పొట్లంల కట్టిచ్చిన నాలుగు రంగుల గోళీలు మాత్రం అడగకుండ మింగుతం. చేనుకు వేసే మందుకున్న లెక్క మన ఒంటికి వేసే మందుకు లేదా?

ఈ పొట్లాలల్ల, నడుముకు వేసే సూదులల్ల తరచుగ ఉండేది స్టెరాయిడ్. డెక్సామెథసోన్, బెటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అని పేర్లు. వేసిన మరునాడే మోకాలు మెత్తబడతది, మనిషి లేచి మడి కాడికి పోతడు. "ఆయన చెయ్యి మంచిది" అని పేరు వస్తది. వారం పది రోజులకు మళ్ల వాస్తది, మళ్ల సూది. ఇట్ల నెలలు గడిస్తే మొఖం ఉబ్బుతది, షుగర్ పెరుగుతది, ఎముక గుల్ల అయితది, లోపల పడుకున్న టీబీ లేస్తది. ఇంకో సంగతి చానా మందికి తెల్వదు: వారాల తరబడి స్టెరాయిడ్ వాడినోళ్లు ఒక్కసారే ఆపొద్దు. ఒళ్లు సొంతంగ చేసుకునే స్టెరాయిడ్ అప్పటికే మానేసి ఉంటది, ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తది. కొంచెం కొంచెం తగ్గియ్యాలె. మింగుతున్నది స్టెరాయిడ్ అనే తెల్వనోడు ఎట్ల తగ్గిస్తడు? పేరు తెలియాలె అంటున్నది అందుకే.

ఇక్కడ ఒక మాట సూటిగ చెప్పాలె. స్టెరాయిడ్ శత్రువు కాదు. పేరు చెప్పకుండ ఇచ్చే స్టెరాయిడ్ శత్రువు. కీళ్ల డాక్టర్ మోకాలిల నీళ్లు తీసి, అందుల క్రిమి లేదని చూసి, అదే కీలు లోపల ఒక్క సూది వేస్తే అది మంచి వైద్యం. ఒక్క మోకాలే వాచినోళ్లకు దానితోని చానా సుఖం ఉంటది. నడుముకు వేసే సూది ఒళ్లంత తిరుగుతది. కీలులకు వేసేది ఎక్కువగ అక్కడనే ఉంటది. మందు ఒకటే అయినా ఎక్కడ వేసిన్రు, ఎందుకు వేసిన్రు అన్న దాన్ని బట్టి లాభం నష్టం మారిపోతది.

ఇప్పుడు దారులన్నీ తక్కెడల పెట్టి చూద్దాం.

మొదటిది, ఇది అదే రోగమా అని తేల్చుకోవుడు. మోకాలు వాచిన ప్రతోడికీ రియాక్టివ్ ఆర్థరైటిస్ కాదు. ఒక్క కీలే ఎర్రగ, ముట్టుకుంటె కాలేటట్టు ఉండి, చలి జ్వరం వచ్చి, కాలు కదలనియ్యకపోతే అది చీము పట్టిన కీలు కావచ్చు. దానికి ఆనాడే దవాఖానకు పోవాలె, రోజులు లేటైతే కీలు శాశ్వతంగ పాడైతది. దాని మీద స్టెరాయిడ్ సూది పడితే నిప్పుల మీద నూనె పోసినట్టే. రాత్రికి రాత్రి కాలి బొటనవేలి కాడ లేచిన నొప్పి యూరిక్ ఆసిడ్‌ది కావచ్చు. రెండు చేతుల చిన్న కీళ్లు సమానంగ వాచి, పొద్దున గంట సేపు వేళ్లు ముడుచుకోకపోతే అది రుమటాయిడ్ కావచ్చు. అది ఆడోళ్లకు ఎక్కువ. జ్వరం తోని ఒళ్లంత కీళ్లు పట్టేస్తే చికున్‌గున్యా కావచ్చు.

చికున్‌గున్యా అంటే యాదికొచ్చింది. చానా ఏండ్లు మన దేశంల కనబడకుండ పోయిన ఆ వైరస్, 2005 చివర్ల మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లనే, రాయలసీమ దిక్కు మళ్ల లేచింది. 2006ల దేశమంత కలిపి దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు లెక్కకొచ్చినయి. జ్వరం వారంల పోయింది, కీళ్ల నొప్పులు మాత్రం కొందరికి నెలల తరబడి పోలేదు. అది వైరస్, ఇది వేరే. కానీ రెండిట్ల ఒక పోలిక ఉన్నది: రోగం పోయినంక నొప్పి మిగులుతది, ఆ మిగిలిన నొప్పి కాడనే మనం తొందరపడి ఏదంటే అది మింగుతం.

పరీక్షల ఖర్చుకు భయపడకండి. సర్కారు దవాఖానల రాసిన రక్త పరీక్షలు తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద ఉచితంగ చేస్తరు. డాక్టర్‌కు మాత్రం ఒక్కటి మీరే చెప్పాలె: "నెల కింద నాకు మోషన్స్ అయినయి." ఈ ఒక్క మాట పది పరీక్షల పని చేస్తది, ఎందుకంటే ఈ రోగాన్ని ఖాయం చేసే ఒక్క పరీక్ష అంటూ లేదు. హెచ్ఎల్ఏ బి27 అని ఒక ఖరీదైన పరీక్ష ఉన్నది. అది ఉన్నోళ్లల్ల చానా మందికి జీవితంల ఈ రోగం రాదు, లేనోళ్లకూ వస్తది. అడిగిన వెంటనే ఉరికి చేయించుకునే అవసరం లేదు, దానితోని వైద్యం ఏం మారుతదో ముందు అడగండి.

రెండోది, నొప్పి, వాపు తగ్గించే గోళీలు. నాప్రోక్సెన్, ఇండోమెథాసిన్, డైక్లోఫెనాక్ లాంటివి. ఈ రోగంల మొదటి మందు ఇదే. మనం చేసే పని ఏందంటే నొప్పి ఉన్ననాడు ఒకటి మింగి, లేనినాడు మానేస్తం. వాపు దిగాలె అంటే డాక్టర్ చెప్పిన మోతాదుల కొన్ని వారాలు వరుసగ వేసుకోవాలె. దీని ధర తక్కువ, కానీ తీసుకునేది వేరే చోట తీసుకుంటది: కడుపుల పుండు, కిడ్నీ మీద భారం.

రాబందుల సంగతి పెద్దోళ్లకు ఎరికే. మన చిన్నప్పుడు చచ్చిన గొడ్డు మీద గుంపులుగ వాలేటివి. పశువులకు వేసిన డైక్లోఫెనాక్, ఆ గొడ్డును తిన్న రాబందుల కిడ్నీలు పాడు చేసి, దేశంల నూటికి తొంభై ఐదుకు పైగ రాబందులను మాయం చేసింది. అందుకే 2006ల పశువులకు ఆ మందు నిషేధించిన్రు. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత నాజూకు కాదు, మనిషికి ఆ మందు ఇప్పటికీ ఇస్తరు. కానీ ఎండల చెమటలు కక్కుకుంట, నీళ్లు తాగకుండ, పరగడుపున రోజుకు రెండు మూడు మింగుతుంటే మన కిడ్నీ గూడ ఊకోదు. తిన్నంకనే మింగాలె, నీళ్లు మంచిగ తాగాలె, కడుపుకు రక్షణ గోళీ అవసరమా అడగాలె. బీపీ, షుగర్, కిడ్నీ రోగం ఉన్నోళ్లు అడగకుండ ముట్టొద్దు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ముందొకసారి, తర్వాతొకసారి చేయించాలె.

మూడోది, యాంటీబయాటిక్. "క్రిమి తోని వచ్చింది కదా, క్రిమి మందు వాడితే పోదా?" అని అడుగుతరు. న్యాయమైన ప్రశ్ననే. కానీ కడుపు క్రిమి పోయినంక వచ్చిన వాపుకు నెలల తరబడి యాంటీబయాటిక్ వాడినా కీలుకు లాభం ఉండదు. దొంగ పారిపోయినంక తలుపు కాడ కాపలా పెట్టినట్టు. మూత్రం దారిల వచ్చిన క్లమీడియా అయితే మాత్రం ఆ క్రిమికి మందు తప్పకుండ వాడాలె, భార్యాభర్తలిద్దరూ వాడాలె. ఈ మాట చెప్పనీకె సిగ్గుపడతం. డాక్టర్ దగ్గర సిగ్గుపడితే మోకాలు సిగ్గుపడదు, వాస్తనే ఉంటది.

నాలుగోది, నెమ్మదిగ పనిచేసే మందులు. నెలలు గడిచినా వాపు దిగకపోతే డాక్టర్లు సల్ఫాసలజైన్ గాని మెథోట్రెక్సేట్ గాని రాస్తరు. ఇవి ఈ రోజు వేస్తే రేపు పనిచేసేటివి కావు, రెండు మూడు నెలలు ఆగాలె. పదిహేను రోజులు వాడి "ఏం గుణం లేదు" అని పారేసేటోళ్లు ఎక్కువ. విత్తనం వేసిన వారానికి అల్లం తవ్వుతమా? సల్ఫాసలజైన్‌తోని మూత్రం నారింజ రంగుల వస్తది, భయపడొద్దు. సల్ఫా మందు పడనోళ్లు ముందే చెప్పాలె. మెథోట్రెక్సేట్ గురించి మాత్రం పెద్ద అక్షరాల రాసి గోడకు పెట్టుకోండి: అది వారానికి ఒక్క రోజే. రోజూ మింగితే ప్రాణం తీస్తది. ఏ వారం మింగాలో చీటి మీద రాయించుకోండి, ఇంట్ల ఇంకొకరికి గూడ చెప్పండి. అది వాడినన్ని రోజులు కల్లు, మందు ముట్టొద్దు, లివర్ పాడైతది. పిల్లలు కావాలె అనుకునే ఆడోళ్లు అది వాడొద్దు, డాక్టర్‌కు ముందే చెప్పాలె. ఈ రెండు మందులూ కేంద్రం అత్యవసర మందుల జాబితల ఉన్నయి, ధరకు పరిమితి ఉన్నది.

ఐదోది, ఆకు కట్టు, పసరు, చూర్ణం. మన పెద్దల వైద్యాన్ని చులకన చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ మందు దేశీదైనా విదేశీదైనా నియమం ఒకటే: అందుల ఏమున్నదో తెలియాలె. 2008ల అమెరికా వైద్య పత్రిక జామాల ఒక పరిశోధన వచ్చింది. ఇంటర్నెట్‌ల అమ్మే ఆయుర్వేద మందులు 193 పరీక్షిస్తే దాదాపు ఐదో వంతుల సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లల్ల ఏదో ఒకటి దొరికింది. వాటిల్ల మన దేశంల చేసినవీ ఉన్నయి, అమెరికాల చేసినవీ ఉన్నయి. చెట్టు మందు అని చెప్పి స్టెరాయిడ్ పొడి కలిపిన చూర్ణాలు గూడ పట్టుబడినయి. ఏదైనా చూర్ణం ఒక్క రోజుల నొప్పి మాయం చేస్తే సంతోషపడకండి, అనుమానపడండి. ఇగ వాచి వేడిగున్న కీలును గట్టిగ పిసికి మాలిష్ చేయించుడు మాత్రం ఎవరు చెప్పినా వద్దు.

ఆరోది, టైమ్. ఇది మందే అనుకోం గాని, ఈ రోగంల అన్నిటికన్న పెద్ద మందు ఇదే. ఎక్కువ మందికి మూడు నెలల నుంచి ఏడాది లోపల్నే తగ్గిపోతది. కొందరికే అది పాత రోగమై కూసుంటది, మళ్ల మళ్ల వస్తది. శ్రావణంల మోకాలు వాస్తే ఆలుగడ్డ పెట్టే నాటికి చానా వరకు దిగొచ్చు, అల్లం తవ్వే నాటికి మనిషి నిలబడొచ్చు. అంటే మనం ఒక పంట కాలం గట్టెక్కాలె, అంతే. ఆ ఒక్క పంట కోసం పేరు లేని మందు మింగి పదేండ్ల ఎముకను తాకట్టు పెట్టొద్దు. మొదట్ల వాపున్న కాలుకు రెస్టు, చల్లటి కాపడం. వాపు దిగుతుంటె తొడ కండకు ఎక్సర్‌సైజు. మంచానికే అతుక్కుపోతే తొడ కండ కరిగి, వాపు పోయినా కాలు బలం రాదు.

ఇప్పుడు మీరు అడిగేది నాకు తెలుసు. "అన్నా, రాసుడు అల్కనే. కూలీలు దొరకని నెలల, అల్లం మడుల కలుపు మోకాలెత్తు పెరుగుతుంటే మూడు నెలలు ఆగమంటవా? హైదరాబాద్ పోతే ఒక రోజు పోతది, కిరాయి పోతది. ఆర్ఎంపీ దగ్గర రెండు వందలల్ల పని అయితది."

ఈ మాటల అబద్ధం లేదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది ఊరి ఆర్ఎంపీనే. ఆయనను తిట్టుడు నా పని కాదు. అప్పు మీద మందు ఇచ్చేది గూడ ఆయననే. నేను చెప్పేది ఆయన దగ్గరికి పోవద్దని కాదు, పోయినప్పుడు మూడు ప్రశ్నలు అడగమని:

దీని పేరేంది? ఎన్ని రోజులు వేసుకోవాలె? ఆపేటప్పుడు ఒక్కసారే ఆపొచ్చా, తగ్గించుకుంట ఆపాలెనా?

జవాబు చీటి మీద రాయించుకోండి. గోళీలు పొట్లంల కాదు, అట్ట తోని ఇయ్యమనండి. అట్ట మీద నిలువు ఎర్ర గీత ఉంటే అది డాక్టర్ చీటి లేకుండ అమ్మకూడని మందు అని గుర్తు. మంచిగ వైద్యం చేసేటోడు ఈ మూడు ప్రశ్నలకు కోపం చేయడు. కోపం చేసిండంటే జవాబు దొరికినట్టే.

మా మండలంల ఒకాయన ఎనిమిది నెలలు పొట్లం గోళీల మీద నడిచిండు. చివరికి పెద్ద దవాఖానకు పోతే డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న "ఇన్ని రోజులు ఏం వాడినవ్?" ఆయన "తెల్ల గోళీ ఒకటి, పచ్చది ఒకటి" అన్నడు. ఆ డాక్టర్ ఏం చేయాలె? పేరు తెలిస్తే రెండు రోజుల పని, పేరు తెల్వకపోతే అన్ని పరీక్షలూ మొదటి నుంచి. రెండు వందల సూదికి అసలు ఖర్చు అక్కడ కనబడింది.

ఇందుల సర్కారు పని గూడ ఉన్నది. కీళ్ల వాపు రోగాల డాక్టర్ అంటే మనకు హైదరాబాద్‌నే దిక్కు. పంజాగుట్ట నిమ్స్‌ల రుమటాలజీ విభాగం ఉన్నది, మంచిదే. కానీ జహీరాబాద్ నుంచి వంద కిలోమీటర్ల పైనే. నడవరాని మనిషిని నడవలేని రోగానికి అంత దూరం పంపుడు ఏం న్యాయం? మన ఏరియా దవాఖానల నెలకు ఒకటి రెండు రోజులైనా కీళ్ల డాక్టర్ కూసునేటట్టు చేయాలె. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్ల 10 లక్షలకు పెంచిన్రు, సంతోషం. కానీ అది ముఖ్యంగ ఆపరేషన్లకు, దవాఖానల చేర్చుకునే రోగాలకు పనికొస్తది. నెలనెలా గోళీలు, పరీక్షలు, బస్సు కిరాయి మన జేబు నుంచే పోతయి. కీళ్ల రోగికి కావాల్సింది 10 లక్షల ఆపరేషన్ కాదు, నెలనెలా దగ్గర్ల దొరికే డాక్టర్, దగ్గర్ల దొరికే గోళీ. గ్రామసభల మనం రోడ్డు అడుగుతం, బోరు అడుగుతం. ఇది గూడ అడుగుదాం. బోరు నీళ్లు పరీక్ష చేయించమని గూడ అప్పుడే అడుగుదాం, రోగం మొదలు అక్కడనే ఉన్నది కదా.

చివరికి రెండు జాగ్రత్తలు. కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతే, చూపు మసకబారితే కండ్ల డాక్టర్ దగ్గరికి ఆలస్యం చేయకుండ పోవాలె. ఇప్పటికే వారాలుగా పేరు తెల్వని గోళీలు మింగుతున్నోళ్లు ఈ పోస్టు చదివి రేపే ఆపేయకండి. ఉన్న గోళీలు అన్నీ సంచిల వేసుకొని సర్కారు డాక్టర్ ముందర పోయండి, ఎట్ల ఆపాలెనో ఆయన చెప్తడు.

ఈ రోజు ఒక పని చేయండి. ఇంట్ల ఉన్న మందులన్నీ బయటికి తీయండి. పేరు లేని పొట్లం ఎన్ని ఉన్నయో లెక్కపెట్టండి.